గాలిగోపురం దాకా నిర్ణయం వద్దు

అలిపిరిలో మెట్లు మొదలయ్యే చోట అందరి ముఖాలూ వెలుగుతూనే ఉంటాయి. పాదాల మండపంలో స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. మొదటి మెట్టుకు పసుపు రాసి, కర్పూరం వెలిగించి, గట్టిగా ఒక గోవింద కొట్టి బయలుదేరతారు. మూడు నాలుగు వందల మెట్ల పైకి వెళ్లి చూడండి. అక్కడ గోవిందలు తక్కువ, ఆయాసాలు ఎక్కువ. ఒక ఆయన గోడకు ఆనుకుని భార్యతో మెల్లగా అంటుంటాడు: "ఇప్పుడైతే దిగి బస్సు పట్టుకోవచ్చు. ఇంకా పైకి పోతే దిగడానికీ వీలుండదు."

ఆ మాటలో తర్కం ఉంది. అందుకే అది ప్రమాదకరమైనది. మనం వదిలేసిన పనుల్లో చాలావాటిని ఇలాంటి తర్కంతోనే వదిలేశాం. డిగ్రీ అయ్యాక మొదలుపెట్టిన పోటీ పరీక్ష చదువు, జనవరిలో మొదలైన ఉదయపు నడక, కొత్తగా చేరిన సంగీతం క్లాసు. ఏదీ సగం దాటాక వదల్లేదు, మొదట్లోనే వదిలేశాం. ఈ అధ్యాయంలో తిరుమల మెట్ల దారిని ఒక పాఠంగా చదువుదాం. కొండ నిజంగా ఎక్కేవాళ్లకు ఇది దారి చెబుతుంది. ఎక్కనివాళ్లకూ వాళ్ల వాళ్ల కొండలుంటాయి.

ముందు కొండ లెక్క తెలుసుకోండి

అలిపిరి దారిలో మెట్లు 3,550. దూరం ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. కింద తిరుపతితో పోలిస్తే మనం ఎక్కేది దాదాపు 700 మీటర్లు. అపార్ట్‌మెంట్‌లో అంతస్తుకు ఇరవై మెట్లనుకుంటే ఇది నూట డెబ్బై ఏడు అంతస్తులు ఎక్కడంతో సమానం. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది, నిదానస్తులకు ఇంకో గంట.

రెండో దారి శ్రీవారి మెట్టు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి పోవాలి. మెట్లు 2,388, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. లెక్క చూసి చాలామంది "సగం దూరం కూడా లేదు, ఇదే సులువు" అనుకుంటారు. ఎక్కాల్సిన ఎత్తు ఎక్కడికీ పోదు కదా! దూరం తగ్గిందంటే దారి నిటారుగా ఉందని అర్థం. మోకాళ్లు గట్టివైతే, టైము తక్కువైతే శ్రీవారి మెట్టు. పెద్దవాళ్లు వెంట ఉంటే, మాట్లాడుకుంటూ పోవాలనుకుంటే అలిపిరి.

అసలు విషయం మెట్ల సంఖ్యలో లేదు, వాటి అమరికలో ఉంది. అలిపిరి దారి మొదట్లోనే నిటారుగా లేస్తుంది. సగానికి పైగా మెట్లు దారి మధ్యలో వచ్చే గాలిగోపురం లోపే అయిపోతాయి. గాలిగోపురం దాటాక దారి చల్లబడుతుంది. చదును నేల, అక్కడక్కడా మెట్లు, చెట్ల నీడ, ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం, జింకల పార్కు, నరసింహస్వామి గుడి. కొంతదూరం ఘాట్ రోడ్డు పక్కనే నడక. ఇక వచ్చేశాం అనుకునే వేళకు మోకాళ్ల మెట్టు ఎదురవుతుంది. మళ్లీ నిటారు. కష్టం, సుఖం, కష్టం: ఇదీ ఈ కొండ వరుస. ఈ వరుస తెలియని వాడు మొదటి కష్టాన్ని చూసి దారంతా ఇలాగే ఉంటుందనుకుంటాడు. మధ్యలో సుఖాన్ని చూసి ఇక కష్టం అయిపోయిందనుకుంటాడు. రెండూ తప్పే.

ఏ పనైనా మొదలుపెట్టే ముందు అది పూర్తి చేసినవాళ్లను "ఎంత కష్టం?" అని అడక్కండి. "ఎక్కడెక్కడ కష్టం?" అని అడగండి. మొదటి ప్రశ్నకు భయం గానీ ధీమా గానీ దొరుకుతుంది. రెండో ప్రశ్నకు దారి దొరుకుతుంది.

మొదటి గంట మాట నమ్మకండి

కదలకుండా ఉన్న ఒంటిని ఒక్కసారిగా మెట్లెక్కిస్తే గుండె, ఊపిరి ఆ వేగానికి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో వచ్చే ఆయాసం మన శక్తి అయిపోయిందని చెప్పదు, ఒళ్లు ఇంకా పనిలో పడలేదని చెబుతుంది. దానికి తోడు ఈ కొండ మొదటి భాగమే నిటారు. అంటే అతి తక్కువ సిద్ధంగా ఉన్న సమయంలో అతి కష్టమైన భాగం ఎదురవుతుంది. అప్పుడు మనసు చెప్పే జోస్యాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది 1944లో. రెండోది 1974లో వచ్చింది. రోడ్డు పడకముందు కొండకు పోవడమంటేనే నడక, నడవలేనివాళ్లకు డోలీ. మన ముత్తాతలకు మూడు వందలవ మెట్టు మీద "బస్సెక్కుదామా" అనే ఆలోచన వచ్చే వీలే లేదు. మనకు కింద బస్సు తయారుగా ఉంటుంది. సులువైన దారి కనబడుతుంటే కష్టమైన దారి ఇంకా కష్టంగా అనిపిస్తుంది. మన తరానికి కాళ్ల బలం తగ్గిందని పెద్దలంటారు గానీ, నాకైతే పెరిగింది బస్సులే అనిపిస్తుంది.

అందుకే ఒక నియమం పెట్టుకోండి: గాలిగోపురం దాకా నిర్ణయం వద్దు. ఎక్కాలా దిగాలా అన్న చర్చే పెట్టుకోవద్దు. ఆయాసం వస్తే ఆగండి, కూర్చోండి, నీళ్లు తాగండి. తీర్పు మాత్రం గాలిగోపురం దగ్గరే. అక్కడ కూర్చుని, ఏదైనా వేడిగా తాగి, అప్పుడు మిమ్మల్ని మీరు అడగండి. అప్పుడూ వద్దనిపిస్తే అది ఆలోచించి చేసిన నిర్ణయం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఆయాసంలో చేసినది మాత్రం నిర్ణయం కాదు.

ఈ నియమానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. గుండెలో బరువు, నొప్పి, చెమటలు, తలతిరగడం, ఎంత ఆగినా తగ్గని ఆయాసం కనిపిస్తే గాలిగోపురం కోసం చూడకండి. అక్కడే ఆగి, దారిలో ఉన్న సిబ్బందిని పిలవండి. పట్టుదల వేరు, ఒంటి హెచ్చరికను తోసిపుచ్చడం వేరు.

మీ పనికి కూడా ఒక గాలిగోపురం పెట్టుకోండి. కొత్త ఉద్యోగానికి ఆరు నెలలు, వ్యాయామానికి నలభై రోజులు, కొత్త భాషకు మొదటి పుస్తకం పూర్తయ్యేదాకా. అప్పటిదాకా ఆ పని చేయడమే, దాని మీద ఓటింగు లేదు.

గోవింద కొలత

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ముగ్గురు స్నేహితులతో పందెం వేసుకుని ఈ కొండ ఎక్కాను. రెండేసి మెట్లు దూకాం. గాలిగోపురం దగ్గర గెలిచింది నేనే. మోకాళ్ల మెట్టు దగ్గర కూలబడిందీ నేనే. పిక్కలు బిగుసుకుపోయి మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే, కింద ఎప్పుడో దాటేసి వచ్చిన ఒక అవ్వ కనిపించింది. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్లీ లేచి ఇంకో మెట్టు. మెట్ల పూజ మొక్కు.

నన్ను చూసి ఆగింది. "ఏం నాయనా, యాల అంత ఆత్రం? కొండ యాడికీ పోదు. పోయేది కాళ్లే" అంది.

"అలుపు రాలేదా అవ్వా?" అన్నాను.

"చేతికి పనుంటే కాలు పరిగెత్తదు నాయనా" అని, నేను కూర్చున్న మెట్టుకు నన్ను కొంచెం జరగమని, బొట్టు పెట్టి పైకి పోయింది.

ఇది కుందేలు, తాబేలు కథ అనుకోకండి. ఆ అవ్వ ఎవరితోనూ పందెంలో లేదు. ఆమె వేగాన్ని ఆమె పనే అదుపులో పెట్టింది. వంగడం, లేవడం, బొట్టు పెట్టడం ఒక తాళంలా సాగాయి. ఆ తాళం దాటి కాళ్లు ముందుకు పోలేవు. మా నలుగురికీ అలాంటి తాళం లేదు. పక్కవాడి కాళ్లే మా తాళం.

అందరూ మెట్ల పూజ చేయనక్కర్లేదు. ప్రతి నడకదారి భక్తుడి దగ్గరా ఒక కొలత ఉంది: గోవింద నామం. గొంతెత్తి "గోవిందా" అనగలుగుతున్నారంటే మీ వేగం సరైనదే. మాట సగంలో తెగి ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైంది, తగ్గించండి. నడుస్తూ మాట్లాడగలగాలన్నది ఇవాళ వ్యాయామ నిపుణులు చెప్పే సూత్రం కూడా. మనవాళ్లు ఆ పరీక్షను భక్తిలో కలిపి పెట్టారు.

మీ పనిలో మీ గోవింద ఏమిటి? చదువుతున్నప్పుడు ఇంట్లో అమ్మతో పది నిమిషాలు నవ్వుతూ మాట్లాడగలుగుతున్నారా? వ్యాపారం నడుపుతూ రాత్రి నిద్రపోగలుగుతున్నారా? అది పోయిందంటే పందెం వేగంలో ఉన్నారని గుర్తు.

అలసట రాకముందే ఆగండి

పాత దారుల్లో మండపాలు ఎందుకు కట్టారు? ఎండకూ వానకూ నిలబడటానికి మాత్రమేనా? మండపం కనబడితే కూర్చోవాలనిపిస్తుంది, పెద్ద అలసట లేకపోయినా సరే. ఆ కూర్చోవడమే తెలివైన విశ్రాంతి. పూర్తిగా అలిసిపోయాక కూర్చుంటే లేవడానికే సగం బలం ఖర్చవుతుంది. రెండు వందల మెట్లకు ఒకసారి రెండు నిమిషాలు ఆగండి. పది నిమిషాలు కూర్చోకండి, ఒళ్లు చల్లబడి మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టుంటుంది. నీళ్లు దాహం వేశాక చెంబెడు కాకుండా, ముందు నుంచే గుక్కెడు గుక్కెడు తాగండి.

ఇక్కడ అన్నమయ్య కథ గుర్తు చేసుకోవాలి. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలో ఈ కథ ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇల్లు విడిచి కొండకు వచ్చాడు. మోకాళ్ల మెట్టు ఉన్న మోకాళ్ల పర్వతం దగ్గరకు వచ్చేసరికి ఆకలితో, అలసటతో సొమ్మసిల్లి నిద్రపోయాడు. అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువలా వచ్చి లేపింది, కాళ్ల చెప్పులు విప్పమంది, ప్రసాదం పెట్టింది. అప్పుడు ఆ పిల్లవాడు అమ్మవారి మీద శతకం చెప్పాడట.

భక్తులు ఇందులో అమ్మ దయను చూస్తారు. అది ఎలాగూ ఉంది. ఆ కథలో క్రమం కూడా చూడండి. ముందు నిద్ర. తర్వాత మోసుకొచ్చిన అడ్డు తొలగడం. తర్వాత తిండి. పాట చివర వచ్చింది. తాళ్లపాక అన్నమయ్యకే ఆ క్రమం తప్పలేదు. మనం మాత్రం నిద్ర మాని, తిండి మాని, పాట రావాలని కూర్చుంటాం.

మోకాళ్ల మెట్టుకు కొంచెం దాచుకోండి

ఈ కొండను ఆదిశేషుడిగా తలచి, కాలు మోపడానికి మనసొప్పక రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారని సంప్రదాయం చెబుతుంది. ఇప్పటికీ ఆ చోట మోకాళ్ల మీద ఎక్కే భక్తులను చూస్తాం. మోకాళ్ల మీద ఎక్కకపోయినా, అక్కడ మోకాళ్లు మాట్లాడటం మాత్రం ఖాయం.

నేను ఆ రోజు చేసిన తప్పు మొదట్లో దూకడం ఒక్కటే కాదు. గాలిగోపురం దాటాక చదును దారిలో గెలిచిన ఊపు మీద ఇంకా వేగం పెంచాను. అది పోగొట్టుకున్న బలాన్ని కూడగట్టుకోవాల్సిన చోటు. సులువుగా సాగే రోజుల్లో చేసే దుబారా ఇలాగే ఉంటుంది. జీతం బాగా వచ్చే ఏళ్లలో అప్పులు, ఆరోగ్యం బాగున్న ఏళ్లలో నిర్లక్ష్యం. చదును దారిలో నింపాదిగా నడవండి, ఏదైనా తినండి, వెంట వచ్చినవాళ్లతో మాట్లాడండి. చివరి ఎక్కుడు మీద ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, చేతికందిన గోడో కర్రో పట్టుకుని ఎక్కండి. అక్కడ వేగం గురించి ఎవరూ అడగరు.

బయలుదేరే ముందు

ఆరు వారాల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు మెట్లెక్కడం అలవాటు చేయండి. మొదటి వారం పది అంతస్తులు చాలు, మెల్లగా పెంచండి. గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా బయలుదేరకండి. షుగరు ఉన్నవాళ్లలో కొందరికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది, గాయమైనా తెలియదు. చెప్పులు లేకుండా నడవడం మీద వాళ్లు ప్రత్యేకంగా సలహా తీసుకోవాలి. మందులు, బిస్కెట్లు సామానులో పెట్టేయకుండా చేతి సంచిలోనే ఉంచుకోండి.

సామాను మోయకండి. అలిపిరిలో ఇస్తే దేవస్థానం వాళ్లు ఉచితంగా పైకి చేరుస్తారు, రసీదు జాగ్రత్త. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేలోగా గాలిగోపురం దాటేయొచ్చు. దారికి చాలావరకు పైకప్పు ఉంది, తాగునీళ్లూ మరుగుదొడ్లూ ఉన్నాయి. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీలు పైకెళ్లాక.

ఇది శేషాచలం అడవి అన్న సంగతి మరవకండి. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. తర్వాత చిన్నపిల్లలకు మధ్యాహ్నం నుంచి నడకదారి ఆపారు, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. వేళలు, దర్శనం టోకెన్ల నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ముందురోజు దేవస్థానం ప్రకటన చూసుకోండి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. పిల్లల చేయి వదలకండి, గుంపుగా నడవండి, జింకలకూ కోతులకూ తిండి పెట్టకండి.

దిగేటప్పుడు బస్సెక్కండి. ఎక్కడంలో ఊపిరి అలుస్తుంది గానీ దిగడంలో తొడ కండరాలు, మోకాళ్లు దెబ్బతింటాయి. ఆ నొప్పి మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. మొక్కు ఎక్కడానికే.

ఆ నాలుగు క్షణాలు

ఇన్ని మెట్లూ, ఆ తర్వాత క్యూలో ఇన్ని గంటలూ గడిచాక స్వామి ఎదుట దొరికేది కొన్ని క్షణాలే. "జరగండి, జరగండి" అనే మాట మధ్యలో. చాలామంది ఆ క్షణాల్లో కళ్లు మూసుకుంటారు! కోరికల జాబితా చదవడం మొదలుపెడతారు. కళ్లు తెరిచేసరికి పక్కకు జరిపేసి ఉంటారు. బయటికొచ్చి "సరిగా చూడలేదు" అంటారు.

కోరికలు క్యూలోనే చెప్పేసుకోండి, అక్కడ టైముకు కరువు లేదు. బంగారు వాకిలి దగ్గరకు వచ్చాక చూడటం ఒక్కటే పని. పాదాల దగ్గర మొదలుపెట్టి, నడుము, హస్తాలు, వక్షస్థలం, నామం, కిరీటం. క్రమం ముందే మనసులో ఉంటే కళ్లు తడబడవు, కొన్ని క్షణాల్లోనే రూపమంతా నిలుస్తుంది. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లాక చదువుకోం కదా! పెద్ద అవకాశం ఎప్పుడూ చిన్న సమయంలోనే వస్తుంది. దానికి కావలసిన సన్నాహం దాని ముందున్న పొడుగాటి క్యూలోనే జరగాలి.

గర్భగుడి గడపను కులశేఖర పడి అంటారు. కులశేఖరాళ్వారు రాజు. స్వామి సన్నిధిలో మెట్టుగా పడి ఉండి, ఆ ముఖం చూస్తూ ఉంటే చాలని కోరుకున్నాడు. ఆయన పేరే ఆ గడపకు నిలిచింది. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు ఎక్కి వచ్చినవాడు ఆ మెట్టును మాత్రం ఎక్కడు. ఇవతలే నిలబడి చూసి వెనక్కి తిరుగుతాడు. ఎంత ఎక్కినా తలవంచాల్సిన మెట్టు ఒకటి మిగులుతుందని ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు, ఈ పుస్తకంతో సహా.

ఈ వారం సాధన

ఒక కాగితం తీసుకోండి. మీరు ఇప్పుడు చేస్తున్న, వదిలేద్దామా అనుకుంటున్న పని ఒకటి రాయండి. దాని కింద నాలుగు ప్రశ్నలు.

1. ఈ పని పూర్తి చేసినవాళ్లలో ఎవరిని "ఎక్కడెక్కడ కష్టం?" అని అడగగలను?

2. నా గాలిగోపురం ఎక్కడ? తేదీ వేసి రాయండి.

3. నా గోవింద కొలత ఏది? ఏది తప్పితే వేగం తగ్గించాలి?

4. వచ్చే వారంలో అలసట రాకముందే ఆగే రెండు మండపాలు ఏవి? రోజు, గంట రాయండి.

కాగితాన్ని గోడకు అంటించండి. రెండో ప్రశ్నకు రాసిన తేదీ వచ్చేదాకా "మానేద్దామా" అన్న మాట ఇంట్లో ఎవరితోనూ ఎత్తకండి, మీతో మీరు కూడా. ఆ రోజు వచ్చాక కూర్చుని, వేడిగా కాఫీ తాగి, అప్పుడు నిర్ణయించండి.